సొంత విమానం కల కన్న మనిషి – విలియం లియర్

మా ఊరు నాగావళి కాలువ ఆయకట్టులో ఉంది. చిన్నప్పుడు ఆకు తీతల రోజుల్లో నెత్తి మీద విమానం చప్పుడైతే చాలు, చేతిలోని ఆకు కట్ట మడిలోనే వదిలేసి పైకి చూసేవాళ్ళం. అది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో మాకు తెలియదు. అందులో ఎవరున్నారో అసలే తెలియదు. మా తాతకి మాత్రం ఒక లెక్క ఉండేది. విమానం అంటే గవర్నమెంటుదైనా అయి ఉండాలి, కంపెనీదైనా అయి ఉండాలి. ఒక మనిషి తన సొంతానికి, మోటారు సైకిలు కొనుక్కున్నట్టు విమానం కొనుక్కుంటాడంటే ఆయన నమ్మేవాడు కాదు. కథలు చెప్పకురా అని కసిరేసేవాడు.

మన రెండు జిల్లాలకీ విమానాలతో చుట్టరికం లేదని చెప్పలేము. విజయనగరం వాస్తవ్యులు అశోక్ గజపతిరాజు గారు 2014 నుంచి 2018 వరకు కేంద్ర పౌర విమానయాన మంత్రిగా పని చేశారు. 2024లో అదే శాఖ మన శ్రీకాకుళం ఎం.పి. కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి దక్కింది. రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారి సంస్థ హైదరాబాదు శంషాబాదులో విమానాశ్రయం కట్టింది. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట తలపెట్టిన విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. అంటే మంత్రులు మనవాళ్ళే, కట్టేవాళ్ళూ మనవాళ్ళే, నేలా మనదే. మరి విమానం ఎక్కేవాళ్ళు ఎవరు? సొంతంగా కొనుక్కునేవాళ్ళు ఎవరు? అసలు మనిషికి సొంత జెట్ విమానం ఎందుకు? ఈ ప్రశ్నలు బుర్రలో తిరుగుతుండగా నేను చదివిన జీవితం విలియం పావెల్ లియర్‌ది. సొంత జెట్ అనే మాటని ప్రపంచానికి అలవాటు చేసినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన మనిషి ఆయన. మన సంచికలో సాధారణంగా న్యూటన్, రామన్ వంటి మహనీయుల గురించి రాస్తారు. లియర్ ఆ కోవలోని వాడు కాడు. డిగ్రీ లేదు, సిద్ధాంతం లేదు. అయినా సైన్సు విద్యార్థి తెలుసుకోవలసిన మనిషే అని నాకు అనిపించింది.

లియర్ 1902 జూన్ 26న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డునున్న హానిబల్ అనే పట్టణంలో జన్మించాడు. మార్క్ ట్వేన్ పెరిగిన ఊరు అదే. తల్లిదండ్రుల సంసారం సాఫీగా సాగలేదు. తల్లి కొడుకుని వెంటబెట్టుకుని వేరు పడింది, చివరికి షికాగో చేరింది. ఆమె నోరు మంచిది కాదు, ఇంట్లో శాంతి ఉండేది కాదు. ఎనిమిదో తరగతితో లియర్ చదువు ముగిసింది. మన లెక్కలో చెప్పాలంటే హైస్కూలు గడప తొక్కి వెనక్కి తిరిగినవాడన్నమాట. కాని ఆ వయసుకే వైర్‌లెస్ మీద, మోటార్ల మీద పిచ్చి పట్టింది. షికాగోలో విమానాలు దిగే మైదానం చుట్టూ తిరుగుతూ, జీతం లేకపోయినా ఫరవాలేదని మెకానిక్కులకి స్పానర్లు అందించేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో నౌకాదళంలో చేరి రేడియో పని నేర్చుకున్నాడు. అతని కాలేజీ అదే.

యుద్ధం అయ్యాక అమెరికాలో ఇంటింటికీ రేడియో వచ్చిన కాలం. ఇరవై ఏళ్ళు నిండేసరికి క్విన్సీ అనే ఊళ్ళో రేడియో కొట్టు పెట్టాడు. అంటే ఇప్పుడు నా వయసు ఎంతో అప్పుడు అతని వయసూ అంతే. ఇక్కడ మన ఫిజిక్సు పాఠం ఒకటి గుర్తు చేసుకోవాలి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ గల కరెంటు తీగ లోపలి నుంచి కాకుండా పైపొర గుండానే పోతుంది. అందుచేత ఒక లావు తీగకి బదులు, విడివిడిగా పూత పూసిన సన్నని తీగలు పేనితే నిరోధం తగ్గుతుంది. లియర్ ఇటువంటి పేనిన తీగతో చిన్న కాయిల్స్ చుట్టి రేడియో కంపెనీలకి అమ్మాడు. రేడియో పెట్టె సైజు తగ్గడానికి ఇదొక దారి అయింది. పెట్టె చిన్నదైతే కారులో ఎందుకు పెట్టకూడదు? కారు ఇంజనులో స్పార్క్ ప్లగ్గులు కొట్టుకుంటుంటే రేడియోలో గరగర తప్ప పాట వినబడదు. ఆ చప్పుడుని అణచడమే అసలు సమస్య. లియర్, అతని మిత్రుడు ఎల్మర్ వేవరింగ్, పాల్ గాల్విన్ అనే ఫ్యాక్టరీ యజమాని కలిసి దాన్ని సాధించారు. 1930లో గాల్విన్ ఆ కారు రేడియోని బయటపెట్టి, దానికి మోటొరోలా అని పేరు పెట్టాడు. ఆ పేరుతో తర్వాత వచ్చిన సెల్‌ఫోన్లు మనలో చాలామంది వాడినవాళ్ళమే.

చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే లియర్ చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? 1931లో 2,500 డాలర్లు పెట్టి ఫ్లీట్ కంపెనీ వారి రెండు రెక్కల వరసల విమానం ఒకటి కొన్నాడు. కొన్నాక తెలిసిన సంగతి, విమానం నడపడం కంటే దారి కనుక్కోవడం కష్టం. పైన రోడ్లు లేవు, మైలు రాళ్ళు లేవు, అడుగుదామంటే మనిషి లేడు. మబ్బు కమ్మితే రైలు పట్టాలు కూడా కనిపించవు. మరొకడైతే విమానం అమ్మేసి ఊరుకునేవాడేమో. లియర్‌కి మాత్రం ఇది రేడియో వాడు తీర్చవలసిన సమస్యగా కనిపించింది. ఉంగరంలా చుట్టిన యాంటెనాని తిప్పుతూ పోతే, దాని తలం రేడియో స్టేషను దిశకి లంబంగా వచ్చినప్పుడు సంకేతం సన్నగిల్లిపోతుంది. ఆ గుర్తుతో స్టేషను ఏ వైపుందో చెప్పవచ్చు. ఈ సూత్రం అతనికి ముందే ఉంది. అతడు చేసింది, దాన్ని చిన్న విమానంలో పట్టేటట్టు, ఒంటరి పైలట్ వాడుకునేటట్టు తయారు చేయడం. ఒక రేడియో డిజైను ఆర్.సి.ఏ. కంపెనీకి 1934లో అమ్మి, ఆ సొమ్ముతో పూర్తిగా విమాన పరికరాల మీదికి దిగాడు.

ఇక్కడ ఒక్క మాట. లియర్ విమానం కొనకపోయి ఉంటే దారి తప్పే భయం ఎలాగుంటుందో అతనికి తెలిసేది కాదు. తెలియకపోతే ఆ పరికరం చేసేవాడూ కాదు. వస్తువు సొంతదైతేనే దాని లోపం మనకి నొప్పిగా తగులుతుంది. ఈ సంగతి మా ఇంట్లో నేను కళ్ళారా చూశాను, తర్వాత చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధంలో లియర్ ఫ్యాక్టరీలు సైనిక విమానాలకి కావలసిన మోటార్లు, పరికరాలు తయారు చేశాయి. యుద్ధం తర్వాత జెట్ యుద్ధ విమానాలు వచ్చాయి. వాటి వేగానికి తగ్గ ఆటోపైలట్ కావాలి. గిరగిర తిరిగే గైరోస్కోపు తన అక్షాన్ని మార్చుకోదు కాబట్టి, విమానం ఎటు ఒరిగినా ఆ తేడాని అది పట్టి చూపిస్తుంది. ఆ తేడాకి తగినట్టు రెక్కల తలుపులు కదిపే యంత్రమే ఆటోపైలట్. లియర్ ఫైటర్ జెట్లకి సరిపడేటంత చిన్నదిగా దాన్ని చేయించాడు. దానికిగాను 1949 సంవత్సరపు కోలియర్ ట్రోఫీ అతనికి లభించింది. అమెరికా వైమానిక రంగంలో అది చాలా పెద్ద గౌరవం. ప్రెసిడెంటు ట్రూమన్ చేతుల మీదుగా, ఎనిమిదో తరగతి చదివిన మనిషి దాన్ని అందుకున్నాడు.

1942లో అతడు మోయా ఓల్సెన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. అంతకు ముందు మూడు పెళ్ళిళ్ళు చెడ్డాయి. నలుగురి ముందు తిట్టడం, ఉద్యోగం పీకేయడం, మరునాడు మళ్ళీ పిలిపించడం అతని స్వభావంలో ఉన్నవే. మహనీయుల కథల్లో ఇటువంటివి దాచిపెట్టే అలవాటు మనకుంది. నేను దాచడం లేదు. అంతటి మనిషినీ మోయా ముప్పై ఆరేళ్ళు భరించి, చివరికి అతని పని భుజాన వేసుకున్నది. ఆమె సంగతి చివర్లో వస్తుంది.

ఇక అసలు కథకి వద్దాం. 1950 దశకంలో అమెరికాలో పెద్ద పెద్ద కంపెనీలకి సొంత విమానాలు ఉండేవి. కాని అవి చాలావరకు యుద్ధంలో మిగిలిపోయిన పాత పంకా విమానాలు. లియర్ కూడా లాక్‌హీడ్ లోడ్‌స్టార్ అనే పాత విమానాన్ని బాగుచేయించి, వేగం పెంచి, లియర్‌స్టార్ పేరుతో అమ్మాడు. 1956లో తన చిన్న సెస్నా విమానాన్ని నడుపుకుంటూ మాస్కో దాకా వెళ్ళి వచ్చాడు. ఆ ప్రచ్ఛన్న యుద్ధపు రోజుల్లో అది చిన్న సాహసం కాదు. ఇలా తిరుగుతున్నప్పుడే అతనికి ఒక ఆలోచన తట్టింది. ఫైటర్ జెట్టు పోయినంత వేగంగా పోతూ, ఆరేడుగురిని మోసే చిన్న విమానం ఉంటే? అప్పటికే లాక్‌హీడ్ వారి జెట్‌స్టార్, నార్త్ అమెరికన్ వారి సేబర్‌లైనర్ ఉన్నాయి. అయితే అవి మిలిటరీ అవసరాన్ని మనసులో పెట్టుకుని చేసినవి, ధర ఎక్కువ. లియర్‌కి కావలసింది ఒక మోస్తరు కంపెనీ యజమాని కూడా కొనగలిగే జెట్.

అతని సొంత కంపెనీ డైరెక్టర్లే దీనికి ఒప్పుకోలేదు. ఇది కొనేదెవరు అన్నారు. లెక్కలు వేసి చూపించారు. లియర్ వినలేదు. ఆ పంతంలో 1962లో తన వాటా సీగ్లర్ అనే సంస్థకి అమ్మేసి, ముప్పై ఏళ్ళు కష్టపడి పెంచిన కంపెనీ నుంచి బయటకి నడిచాడు. అప్పటికి అతనికి అరవై ఏళ్ళు. మన ఊళ్ళల్లో ఆ వయసుకి కొడుక్కి పగ్గాలిచ్చి రచ్చబండ మీద కూర్చుంటారు.

డిజైనుకి మూలం స్విట్జర్లాండులో దొరికింది. అక్కడ పి-16 అనే ఫైటర్ విమానం తయారు చేశారు. రెండు కూలిపోవడంతో 1958లో స్విస్ ప్రభుత్వం ఆర్డరు రద్దు చేసింది. అందరూ చేతులు దులుపుకున్న ఆ విమానం రెక్క చాలా గట్టిదని లియర్ గ్రహించాడు. ఆ రెక్క ఆధారంగా తన జెట్ మొదలుపెట్టాడు. స్విట్జర్లాండులో పని నత్తనడక నడుస్తోందని విసుగెత్తి, 1962లో మొత్తం సామాను కట్టుకుని అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని విచిటా పట్టణానికి వచ్చేశాడు. చుట్టూ కనుచూపు మేర గోధుమ పొలాలు, మధ్యలో సెస్నా, బీచ్, బోయింగ్ వంటి విమాన కర్మాగారాలు. వ్యవసాయం, విమానం ఒకే ఊళ్ళో బతికిన చోటు అది.

అక్కడ లియర్ ఒక పెద్ద జూదమే ఆడాడు. మామూలుగా ముందు ఒక నమూనా విమానం చేతితో తయారు చేసి, ఎగరేసి, తప్పులు దిద్దుకున్నాక ఫ్యాక్టరీ అచ్చులు చేయిస్తారు. అతడు నేరుగా అచ్చులే చేయించేశాడు. డిజైను తప్పయితే అచ్చులన్నీ పాత ఇనుము. ఒప్పయితే రెండు మూడేళ్ళు కలిసివస్తాయి. 1963 అక్టోబరు 7న లియర్‌జెట్-23 మొదటిసారి విచిటాలో గాలిలోకి లేచింది. తోక దగ్గర రెండు జనరల్ ఎలక్ట్రిక్ జెట్ ఇంజన్లు, ఇవి కూడా ఒక సైనిక ఇంజను నుంచి వచ్చినవే. మొత్తం బరువు 12,500 పౌన్లు దాటకుండా చూశాడు. ఆ హద్దు లోపల ఉంటే చిన్న విమానాలకి వర్తించే తేలిక నిబంధనల కిందకి వస్తుంది. గంటకి 800 కిలోమీటర్లు దాటిన వేగం, 40 వేల అడుగుల ఎత్తు. ధర 6 లక్షల డాలర్ల లోపు. లోపల మాత్రం నిటారుగా నిలబడటానికి జాగా లేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, మీ కారులో మీరు నిలబడి ప్రయాణం చేస్తారా అన్న ధోరణిలో నోరు మూయించేవాడట.

1964 జూన్ 4న గండం వచ్చింది. సర్టిఫికెట్ ఇవ్వవలసిన ప్రభుత్వ పైలట్ పరీక్షలో ఉండగా, ఆ మొదటి విమానం లేచిన కాసేపటికే పొలంలో దిగబడి తగలబడిపోయింది. ఒక ఇంజను ఆగినట్టుగా పరీక్ష చేస్తుండగా, రెక్కల మీద గాలిని అడ్డే పలకలు తెరిచి ఉండిపోయాయి. దేవుడి దయ వల్ల ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. కంపెనీ ఖజానా అప్పటికి అడుగంటింది. చిత్రమేమిటంటే కాలిపోయిన విమానానికి వచ్చిన ఇన్సూరెన్సు డబ్బే ఆ కష్ట సమయంలో కంపెనీకి ఊపిరి పోసింది. జూలై 31న సర్టిఫికెట్ వచ్చింది. అక్టోబరు 13న మొదటి విమానం సిన్సినాటిలోని ఒక రసాయన పరిశ్రమల సంస్థకి అప్పగించారు. మరుసటి ఏడాది గాయకుడు ఫ్రాంక్ సినాట్రా ఒకటి కొన్నాడు. దాంతో పత్రికల్లో లియర్‌జెట్ పేరు మారుమోగింది. 1966 మే నెలలో దాని తర్వాతి రకం భూమిని చుట్టి వచ్చింది, గాలిలో గడిపింది 50 గంటల పైచిలుకు.

ఇప్పుడు సొంత జెట్ కొనడం అంటే ఏమిటో కాస్త లెక్క చూద్దాం. ఇందుకు మా ఇంటి ముచ్చట చెప్పాలి.

మా నాన్న కొన్నేళ్ళ క్రితం మావయ్యతో పాలుకి ఒక పాత ట్రాక్టరు కొన్నాడు. సగం అప్పు. అంతకు ముందు దమ్ముకి అద్దె ట్రాక్టరు పిలిచేవాళ్ళం. వాడు అందరి మళ్ళూ అయ్యాక మా మడికి వచ్చేసరికి అదను దాటిపోయేది. ఆ బాధ పడలేకే కొన్నాడు. కొన్న ఏడాది మా ఇంట్లో పండగే. రెండో ఏడాది లెక్క తేలింది. మా ఆరు ఎకరాలకీ, మావయ్య నాలుగు ఎకరాలకీ ఆ బండి నడిచేది సంవత్సరంలో కొద్ది రోజులే. మిగతా రోజులు పాకలో నిలబడే ఉంటుంది. నిలబడి ఉన్నా వాయిదా ఆగదు, ఇన్సూరెన్సు ఆగదు, టైరు పుచ్చిపోవడం ఆగదు. అద్దెకి తిప్పుదామంటే ఊళ్ళో అప్పటికే నాలుగు ట్రాక్టర్లున్నాయి. మూడో ఏడాది అమ్మేశారు.

జెట్ విమానం లెక్క కూడా అచ్చం ఇదే, అంకెల పక్కన సున్నాలు ఎక్కువంతే. కొన్న ధర మొదటి మెట్టు మాత్రమే. తర్వాత ఇద్దరు పైలట్ల జీతం, వాళ్ళకి ఏటేటా శిక్షణ, విమానం నిలబెట్టే హాంగరు అద్దె, ఇన్సూరెన్సు, ఇవన్నీ విమానం ఎగిరినా ఎగరకపోయినా తప్పవు. ఎగిరితే పెట్రోలియం ఖర్చు, దిగినచోట రుసుము, ఇన్ని గంటలకి ఒకసారి ఇంజను విప్పి చూడాలన్న నిబంధన. ఎగరకపోయినా నెలల లెక్కన చేయవలసిన తనిఖీలు వేరే. కనుక ఏడాదిలో కొన్ని వందల గంటలు తిరిగే పని ఉన్నవాడికే సొంత విమానం గిట్టుతుంది, తక్కినవాళ్ళకి అద్దె విమానమే నయం. ఈ సూక్ష్మం గ్రహించిన కొందరు 1964లోనే అమెరికాలో ఎగ్జిక్యూటివ్ జెట్ ఏవియేషన్ అనే సంస్థ పెట్టి, లియర్‌జెట్లు కొని అద్దెకి తిప్పారు. 1986లో అదే సంస్థ ఒక విమానాన్ని పలువురికి వాటాలుగా అమ్మే పద్ధతి తెచ్చింది. మా నాన్నా మావయ్యా పాలుకి కొన్నట్టే!

మరి గిట్టుబాటు చూసుకునే కొంటారా అందరూ? లేదు. ట్రాక్టరు కొన్న రోజున మా నాన్న ఊరి వీధిలో ఎందుకు రెండుసార్లు తిప్పాడో నాకు తెలుసు. సినాట్రా కొన్నదీ కొంతవరకు అందుకే అయి ఉంటుంది. మనిషి సొంత బండి కొనేది కాలాన్ని ఆదా చేసుకోడానికని చెబుతాడు గాని, ఇంకొకరి కోసం ఎదురు చూడవలసిన గతి పట్టకూడదన్నది లోపలి కోరిక. లియర్ అమ్మింది వేగమే అయినా, జనం కొన్నది ఆ కోరికని.

లియర్ కథలో తర్వాతి ఘట్టం దుఃఖకరమైనది. 1965, 66 సంవత్సరాల్లో కొన్ని లియర్‌జెట్లు కూలిపోయాయి, ప్రాణాలు పోయాయి. చిన్న విమానాలకి అలవాటు పడిన పైలట్లకి ఫైటర్ వంటి వేగం కొత్త. కొనుగోళ్ళు పడిపోయాయి, అప్పులు పెరిగాయి. 1967లో లియర్ తన కంపెనీని గేట్స్ అనే రబ్బరు కంపెనీకి అమ్మవలసి వచ్చింది. చేతికి కోట్లు వచ్చాయి, చేయడానికి పని లేకుండా పోయింది. ఆ రోజుల్లో అతడు మంచం పట్టినంత పని చేశాడు. తీవ్రమైన నిస్పృహలో పడి బతుకు మీదే విరక్తి చెందాడు. సంపాదన పోయినందుకు కుంగినవాళ్ళని చూశాం. సంపాదన మిగిలి పని పోయినందుకు కుంగినవాడిని నేను ఇక్కడే చూశాను.

లేచి నిలబడ్డాక నెవాడా రాష్ట్రంలోని రెనోలో మళ్ళీ ఫ్యాక్టరీ తెరిచాడు. ఈసారి ఆవిరితో నడిచే కారు, బస్సు. పొగ కాలుష్యం తగ్గించాలన్నది అతని ఉద్దేశం. 1972లో ఒక ఆవిరి బస్సు శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో తిరిగింది కూడా. కాని ఇంధనం విపరీతంగా తాగేది. సొంత డబ్బు ఎన్నో లక్షల డాలర్లు ఆవిరిలోనే ఆవిరైపోయాయి. అంతకు ముందు 1964లో అతడు తయారు చేసిన ఎనిమిది ట్రాకుల టేపు కార్లలో బాగా చెల్లింది, తర్వాత క్యాసెట్ వచ్చి దాన్ని తుడిచిపెట్టింది. అతని పేరు మీద వందకి పైగా పేటెంట్లు ఉన్నాయి. వాటిలో ఎన్ని ఫలించాయి, ఎన్ని నీరుగారాయి అని లెక్క తీస్తే నీరుగారినవీ తక్కువేమీ కావు.

చివరి రోజుల్లో లియర్ మళ్ళీ విమానం దగ్గరికే వచ్చాడు. అతని ఆలోచన ఒకటి కెనడా వారి కెనడేర్ సంస్థ తీసుకుని, చాలా మార్చి, ఛాలెంజర్ అనే పెద్ద జెట్‌గా రూపొందించింది. నిలబడి నడిచే వీలున్న జెట్ అది. ఇంకొకటి లియర్ ఫ్యాన్ అనే విమానం. అల్యూమినియం బదులు కార్బన్ నారతో చేసిన దేహం, తోకలో ఒక్కటే పంకా. తేలికైతే ఇంధనం తక్కువ తాగుతుందన్న సూత్రం. కార్బన్ నారతో చేసిన దేహాలు ఈనాడు పెద్ద విమానాల్లో మామూలైపోయాయి గాని, ఆ రోజుల్లో నమ్మినవాళ్ళు తక్కువ. పని సగంలో ఉండగా 1978 మే 14న రెనోలో ల్యుకేమియా వ్యాధితో లియర్ కన్నుమూశాడు.

ఆ సగం పనిని భార్య మోయా వదిలిపెట్టలేదు. బ్రిటిష్ ప్రభుత్వం ఉత్తర ఐర్లండులో ఫ్యాక్టరీకి డబ్బిస్తూ, 1980 సంవత్సరం లోపల విమానం ఎగరాలని గడువు పెట్టింది. డిసెంబరు 31న ఏదో అడ్డం వచ్చి కుదరలేదు. 1981 జనవరి 1న ఎగిరింది. దాన్ని 1980 డిసెంబరు 32వ తేదీగా సర్దుకున్నారని చెబుతారు. మన కాలేజీలో రికార్డు బుక్కులు సబ్మిట్ చేసే తేదీలు ఇలా సాగితే ఎంత బాగుండును! కాని అదృష్టం అంత వరకే. సర్టిఫికెట్ రాక, డబ్బు చాలక 1985లో ఆ సంస్థ మూతపడింది. లియర్‌జెట్ పేరు మాత్రం నిలిచింది. 1990లో దాన్ని బొంబార్డియర్ కంపెనీ కొన్నది. మూడు వేలకి పైగా విమానాలు తయారయ్యాక, 2022 మార్చిలో చివరి లియర్‌జెట్ విచిటా నుంచి బయటకి వెళ్ళింది.

మిత్రులారా, ఈ జీవితాన్ని మెచ్చుకోవాలా వద్దా అని నేను చాలాసార్లు నన్ను ప్రశ్నించుకున్నాను. 2020లో కరోనా మూలంగా అన్నీ స్తంభించిపోయినప్పుడు గుజరాత్ వేరావల్ రేవులో మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేల సంఖ్యలో చిక్కుకుపోయారు. పడవల్లోనే రోజులు గడిపి, చివరికి బస్సుల్లో దేశం ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చారు. ఆ జనానికి సొంత జెట్ కథ చెబితే ఏమనుకుంటారు? ఒక్క మనిషి కోసం అంత ఇంధనం తగలేయడం న్యాయమా? ఈ ప్రశ్నకి లియర్ జీవితంలో జవాబు లేదు. అతడు ఆ ప్రశ్న వేసుకున్నట్టు నాకు కనిపించలేదు. అది మనం వేసుకోవాలి.

కాని రెండో వైపు కూడా చూడాలి. అవే లియర్‌జెట్లు ప్రపంచంలో చాలా చోట్ల గాలిలో అంబులెన్సులుగా పనిచేశాయి. ప్రాణం మీదికి వచ్చిన రోగిని దూరపు ఆసుపత్రికి గంటల్లో చేర్చాయి. వేగం డబ్బున్నవాడి కోసం పుట్టినా, అక్కడే ఆగిపోవాలన్న రూలు లేదు. వేగాన్ని చవక చేయడం, పదిమందికీ పంచడం తర్వాతి తరం ఇంజనీర్ల వంతు. భోగాపురం చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు రేపు విమానాశ్రయంలో ట్రాలీలు తోయడానికే పరిమితం కాకుండా, హాంగరులో ఇంజను విప్పే చోటికి చేరాలంటే మన లాబొరేటరీల్లో తాళాలు తీసి ఉండాలి, మన చేతులకి జిడ్డు అంటాలి.

మా ట్రాక్టరు కథ ముగింపు చెప్పి విరమిస్తాను. బండి పోయింది, అప్పు మొన్ననే తీరింది. కాని ఆ మూడేళ్ళలో మెకానిక్కుకి డబ్బిచ్చుకోలేక మా నాన్న తనే ఇంజను విప్పడం నేర్చాడు. ఇప్పుడు ఊళ్ళో ఎవరి ట్రాక్టరు మొరాయించినా మా ఇంటికే కబురొస్తుంది. పాకలో ట్రాక్టరు నిలబడిన చోట స్పానర్ల పెట్టె ఉంది. పోయిన ఏడాది ఎలక్ట్రానిక్స్ పేపరు తప్పి, ఇక చదువు మానేసి ఇంటికొచ్చేస్తానని నేను అన్నప్పుడు ఆయన ఏమీ అనలేదు. ఆ పెట్టె నా ముందుకి తోసి, పక్కింటి వారి డీజిల్ పంపు బాగుచేయమన్నాడు. రెండు రోజులు పట్టింది. మూడో రోజు బస్సెక్కి కాలేజీకి వచ్చేశాను. ఆ పేపరు ఈ ఏడాది గట్టెక్కింది.